వశిష్ఠ గోదావరి మీద కంచం చప్పుడు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నా క్లాసులో పిల్లలు నిద్ర ఆపుకోవడం తప్ప మానవాతీతమైనదేదీ ఇన్నేళ్లలో చూడలేదు. పోయిన శీతాకాలం జరిగింది ఇప్పుడు రాస్తున్నానంటే, చదివినవాళ్లలో ఎవరైనా దీన్ని విడమరిచి చెబుతారేమోనన్న ఆశతోనే.

మాది నరసాపురం. నలభై దాటాక కొందరికి యోగా పిచ్చి పడుతుంది, నాకు కయాక్ పిచ్చి పట్టింది. ఒక్క మనిషి కూర్చుని తెడ్డు వేసుకునే ప్లాస్టిక్ పడవ అది. నాకొకటి, మా బావమరిది శీనుకొకటి కొన్నాం. ఇంటికి కయాక్ వచ్చిన రోజే కయ్యమూ వచ్చింది. మా ఆవిడ పద్మకి శీను ఒక్కడే తమ్ముడు. "మీరు మునిగితే మీ ఇష్టం, వాణ్ణి మాత్రం పొడిగా తీసుకురండి" అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ మాట నా మీద ఒట్టులా పడింది.

అందుకే చలిదేశాల సముద్రాల్లో కయాక్ నడిపేవాళ్ల వీడియోలు తెగ చూశాను. పైన వీచే గాలిని బట్టి కాదు, పడితే తగిలే నీటి చలిని బట్టి సిద్ధం కావాలంటారు వాళ్లు. ఎటు వెళ్తున్నామో ఒడ్డున ఒక మనిషికి చెప్పి వెళ్లాలి. విజిల్, దిక్సూచి, ఫోను, పొడిబట్టలు నీరు చొరని సంచిలో వెంట ఉండాలి. అవన్నీ కొంటుంటే స్టాఫ్ రూములో నవ్వారు. "మాస్టారు వెళ్లేది నదికా, నార్వేకా?"

ఆ ఉదయం నరసాపురానికి దిగువన, నది సముద్రానికి దగ్గరపడే చోట, ఒక చిన్న రేవులో దిగాం. అవతల అంతర్వేది వైపు నా స్నేహితుడి ఇల్లుంది. అక్కడ టిఫిన్ చేసి తిరిగి రావాలి. పద్మ ఒడ్డున కారులో టీ ఫ్లాస్కుతో కూర్చుంది. నీటి మీద సన్నగా మంచు ఉంది. ఎండ వస్తే పోతుందిలే అనుకున్నాను.

నది మధ్యకి వెళ్లేసరికి అది చిక్కబడింది. ముందు ఒడ్డు పోయింది, తర్వాత పక్కనే ఉన్న శీను ముఖం మసకబారింది. ఆటు సమయం. నీరు సముద్రం వైపు లాగుతోంది.

"శీనూ, సంచిలోంచి దిక్సూచి తియ్యరా" అన్నాను. సంచి వాడి వెనకాలే కట్టి ఉంది.

వాడు తెడ్డు వెయ్యడం ఆపాడు.

"ఏరా?"

"అందులో పూతరేకులున్నాయి బావా."

"దిక్సూచేదిరా?"

"కారులో. ఆత్రేయపురం నుంచి తెప్పించాను బావా. చెమ్మ తగిలితే ముద్దయిపోతాయి కదా, అన్నిటికంటే గట్టి సంచి అదేనని..."

"విజిలు? నా ఫోను?"

"అన్నీ కారులోనే. నీ బట్టలు కూడా చక్కగా మడతపెట్టి పెట్టాను. మరి ఒకరింటికి చేతులూపుకుంటూ వెళ్తామా ఏంటి?"

తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడే వాడు సంచి కట్టు వదులైందేమోనని వెనక్కి తిరిగాడు. పక్కనుంచి ఒక అల తగిలింది. పడవ బోర్లా పడింది.

లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి తేలాడు. ఇలా పడి తిరిగి ఎక్కడం వేసవిలో పంటకాలువలో ఎన్నోసార్లు సాధన చేశాం. అక్కడ గోరువెచ్చని నీళ్లు, గట్టు మీద నవ్వే జనం. ఇక్కడ వేళ్లు వంగలేదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా వాడు ఎక్కలేకపోయాడు. ఈలోగా వాడి పడవ పూతరేకులతో సహా మంచులోకి వెళ్లిపోయింది. చివరికి వాణ్ణి నా పడవ వెనక భాగం మీదకి సగం లాగగలిగాను. కాళ్లు నీళ్లలోనే ఉన్నాయి. వాడి జేబులోని ఫోను తడిసి చచ్చింది.

మొదట వణుకుతూనే "అక్కకి చెప్పకు బావా" అని నవ్వాడు. కాసేపటికి మాట ముద్దగా వచ్చింది. తర్వాత మాటా ఆగింది, వణుకూ ఆగింది. మాట ముద్దయిందంటే చలి లోపలికి దిగిందని ఆ వీడియోల్లో విన్నాను. ఒడ్డు అనుకున్న వైపు తెడ్డు వేస్తున్నాను. వేసేకొద్దీ అలలు పెద్దవవుతున్నాయి. నేను వెళ్తున్నది ఏ దిక్కుకో అర్థమై, ఏ దిక్కూ తోచలేదు.

అప్పుడు వినిపించింది. స్టీలు కంచాన్ని గరిటెతో కొట్టినట్టు ఠంగుమని ఒక దెబ్బ. ఆగి, మళ్లీ ఒకటి. కొట్టేవాళ్లకి తొందరేమీ ఉన్నట్టు లేదు. నా వెనక నుంచి, కుడివైపుగా వస్తోంది. పద్మేననుకుని పడవ తిప్పాను.

ఎంతసేపు తెడ్డు వేసినా ఆ చప్పుడు దగ్గర కాలేదు, దూరమూ కాలేదు. మా ముందు అంతే ఎడంగా నడిచింది. మంచులో రెండు పసుపు వెలుగులు, మా కారు లైట్లు, కనిపించాక ఆగిపోయింది.

శీనుని కారులోకి ఎక్కించి, వాడు మడతపెట్టిన నా పొడిబట్టలే వాడికి తొడిగాం. టీ గుక్కగుక్కగా పట్టించాం. వాడు మళ్లీ వణకడం మొదలుపెట్టాక నాకు ఊపిరి ఆడింది. పద్మ వాడి పాదాలు రుద్దుతూనే నన్ను అడిగింది.

"ఏం పట్టుకుని కొట్టారండీ అంతసేపు?"

"కొట్టింది నువ్వు కదా!"

"నా దగ్గరేముంది, ఈ ప్లాస్టిక్ ఫ్లాస్కు తప్ప? నీళ్ల మీంచి వచ్చిందండీ, మీవైపు నుంచే. మీరు పిలుస్తున్నారనుకునే కదా కారు అటు తిప్పి లైట్లేశాను."

"అక్కా, నువ్వు కాదా?" అన్నాడు శీను, కళ్లు మూసుకునే.

లైట్లు ఆర్పకుండానే కారు ఇంటివైపు తిప్పాను.

ఆ తర్వాత తెలిసినవన్నీ చెబుతాను. మా పడవలు ప్లాస్టిక్కు, తెడ్లు ప్లాస్టిక్కు, పూతరేకుల పెట్టెలు అట్టవి. ఆ ఉదయం రేవులోంచి ఇంకో పడవ దిగలేదు. చేపల వేటకెళ్లేవాళ్లంతా మంచు చూసి ఇళ్లలోనే ఉండిపోయారట. దగ్గర్లో ఇల్లు లేదు. ప్రతిధ్వని అనుకుందామంటే ముందు ధ్వని ఉండాలి కదా! మాకు ఒడ్డు వైపు నుంచీ, పద్మకి నీటి వైపు నుంచీ వినిపించాలంటే, కొట్టేవాళ్లు మాకూ పద్మకీ మధ్యనే ఉండాలి. ఆ మధ్యలోంచే నేను పడవ నడుపుకుంటూ వచ్చాను. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు.

శీను పడవ సాయంత్రం వల వేసేవాళ్లకి దొరికింది. సంచిలో పూతరేకులు పొర చెదరకుండా, పొడిగా ఉన్నాయి. మా ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు.

ఇప్పుడు మంచు ఉంటే దిగడం లేదు. సంచి నా పడవలోనే ఉంటుంది, విజిల్ నా మెడలోనే. పద్మ కోసం కారులో ఒక స్టీలు కంచం, గరిటె పెట్టాం. పెట్టిన రోజు ముగ్గురం రేవులో నిలబడ్డాం. ఎండ కాస్తోంది, నీటి మీద ఒక్క పడవ లేదు. ఎంత దూరం వినిపిస్తుందో చూద్దాం, ఒకసారి కొట్టమన్నాను.

పద్మ గరిటె ఎత్తి, కొట్టకుండానే దించేసింది.

"మీరిద్దరూ నా పక్కనే ఉన్నారు" అంది. "అటునుంచి మళ్లీ కొడితే?"

కంచం కారులోనే ఉంది. దాన్ని ఇంతవరకూ ఎవరమూ కొట్టి చూడలేదు.