ఖాళీ అని ఎవరు రాశారు, సుక్రీ?

నిన్న పొద్దున్న మా క్లాస్ గ్రూప్‌లో సుక్రి ఫొటో. కింద చేతులు జోడించిన బొమ్మలు.

నమ్మలేదు. ఎవరిదో ఫోన్ హ్యాక్ అయిందనుకున్నాను. ఫొటో పెట్టినవాడికి ఫోన్ చేసి, "నీకెవరు చెప్పారు? వాళ్లకెవరు చెప్పారు?" అని అడిగాను. వాడు విసుక్కున్నాడు.

చివరికి సుక్రి నంబర్‌కే చేశాను. వాళ్ల నాన్న ఎత్తారు.

"జొరం అమ్మా. పెద్దాసుపత్రికి తీసుకెళ్తా ఉంటే దార్లోనే..."

అంత గట్టి పిల్లని ఒక జ్వరం తీసుకుపోయిందంటే ఇప్పటికీ నాకు అనుమానమే.

గ్రూప్‌లో అందరూ "చాలా సైలెంట్ గర్ల్" అని రాస్తున్నారు. ఎవరి గురించి రాస్తున్నారో నాకు తెలియదు. నా రూమ్మేట్ సుక్రి గురించి మాత్రం కాదు.

హాస్టల్లో మొదటి రోజు నేను మా అమ్మ చేసిన పులిహోర పెట్టాను. ముట్టుకోలేదు.

"ఎందుకిత్తన్నావు? సాలూరోళ్లు ఊరికే ఏటీ ఇవ్వరు."

మాది సాలూరని, మా నాన్న సంతల్లో కొండవాళ్ల దగ్గర చింతపండు కొనే వ్యాపారి అని అప్పటికే కనుక్కుంది. నేను ముందు తిని చూపించాకే తిన్నది. తిన్నాక కూడా, "ఉప్పు తక్కువైంది. మీ నాన్న తూకవేసాడేటే?" అంది.

అక్కడ మొదలైంది మా స్నేహం.

మా ఇద్దరికీ ఇష్టమైన పేపర్ అమెరికన్ లిటరేచర్. నేను అందమైన వాక్యం దొరికితే పైకి చదివేదాన్ని. కొత్త మాట దొరికితే ఆ రోజంతా నాకు పండగ. సుక్రి పండగ వేరు. పత్తి తోటల మీద వెన్నెల పడిందని ఎంతో చక్కటి వర్ణన చదివి వినిపిస్తే, "బాగుందే. పత్తి ఏరినోళ్లు ఏరీ?" అనేది.

ఒకసారి బానిసగా ఉండి తప్పించుకున్న ఒకావిడ తన కథ తానే రాసుకున్న పుస్తకం గురించి సార్ చెప్పారు. ఆ రోజుల్లో అలాంటి పుస్తకాలకి ముందు ఎవరో ఒక తెల్లవారు "ఇదంతా నిజమే" అని రాసి ఇచ్చేవారట.

సుక్రి నా చెవిలో అంది: "మన కేస్ట్ సర్టిఫికెట్టే."

ఇంకోరోజు హిస్టారికల్ బ్యాక్‌గ్రౌండ్ పాఠం. అమెరికాకి వలస వెళ్లినవాళ్లకి అక్కడి నేల చాలావరకు ఖాళీగా కనిపించిందని నోట్స్‌లో ఉంది. సుక్రి లేచి నిలబడింది.

"కాళీ అని ఎవరు రాసారు సార్? ఎల్లినోళ్లా, ఉన్నోళ్లా?"

"వెళ్లినవాళ్లేనమ్మా."

"అయితే ఆళ్లకి పోడు తెల్దు సార్."

క్లాసంతా నవ్వింది. సుక్రి నవ్వలేదు. కొండవాలు కాల్చి సామలు, కందులు వేస్తాం, కొన్నేళ్లకి నేల అలిసిపోతుంది, వదిలేసి ఇంకో వాలుకి వెళ్తాం, పొదలు పెరిగాక మళ్లీ వస్తాం అని చెప్పింది. మధ్యలో వచ్చి చూసినవాడికి తుప్పలే కనబడతాయి.

సార్ కొట్టిపారేయలేదు, చదివి చెప్తానన్నారు. తర్వాతి క్లాసులో, అక్కడివాళ్లు కూడా చాలాచోట్ల అలాగే నేలను వదిలి మళ్లీ వచ్చేవారని, కొన్ని ఊళ్లు మాత్రం కొత్త రోగాలకి నిజంగానే ఖాళీ అయ్యాయని చెప్పారు.

"సగవే ఒప్పుకున్నాడు సూడు," అంది బయటికొచ్చాక.

ఈ సెలవుల్లో ఫోన్ చేసింది. ముంచింగిపుట్టు దాటాక వాళ్ల ఊరు. వాళ్లు వదిలిపెట్టిన కొండవాలు మీదికి ఎవరో వచ్చి టేపు పట్టి కొలిచారట. రాళ్ల మీద ఎర్ర రంగు వేశారట. ఏ ఆఫీసని అడిగితే చెప్పలేదు. ఇది ఖాళీ భూమే కదా అన్నారట.

"ఆ నోట్సులో మాట మా కొండెక్కిందే," అంది సుక్రి.

ఆ వాలు పోతే వాళ్లకి తర్వాత విత్తుకోవడానికి చోటు లేదు. వచ్చే గ్రామసభలో లేచి మాట్లాడతానంది. ఫోన్‌లో నా ముందు ప్రాక్టీస్ చేసింది. నేను మంచి మంచి మాటలు అందిస్తే, "నీ అలంకారాలు నువ్వే ఉంచుకో, ఆళ్లు నిద్రోతారు," అని తిట్టింది.

నిన్న మధ్యాహ్నానికి వాళ్ల ఊరు చేరాను. అప్పటికే మట్టి చేసేశారు.

వాళ్ల తెగలో పోయినవాళ్ల పేరున ఒక రాయి నిలబెడతారు. ఆ రాళ్లన్నీ ఊరి మొదట్లో ఒక్కచోటే ఉంటాయి. వాళ్ల నాన్న మాత్రం సుక్రి రాయి ఆ కొండవాలు మీదే పెడతానన్నారు. వాళ్ల పెద్దనాన్న అడ్డుపడ్డాడు.

"అందర్నీ ఒదిలేసి ఒక్కర్తీ అక్కడేటిరా? ఆడగుంట బెదిరిపోద్ది."

"నా గుంటా? అది బెదిరేదేటి. ఒచ్చినోళ్లే బెదరాల."

ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు.

నాకు మాత్రం అనుమానం వచ్చింది. ఇది దుఃఖమా, లేక ఖాళీ అన్నవాళ్లకి జవాబా? కూతురి చావుని భూమికి కాపలా పెడుతున్నారా? అలా అనుకున్నందుకు సిగ్గేసింది కానీ అడగకుండా ఉండలేకపోయాను. వాలు మీద ఆయన చోటు చదును చేస్తుంటే పక్కన కూర్చుని అడిగాను.

"బాబాయ్, ఈ రాయి సుక్రి కోసమా, భూమి కోసమా?"

ఆయన చేతుల మట్టి దులుపుకుని నా వైపు తిరిగారు. కోపం వచ్చిందనుకున్నాను.

"నాకూ తెల్దమ్మా. ఆ గడ్డపార ఇలా ఇయ్యి."

ఇచ్చాను.

రాయికి గొయ్యి తవ్వడం అయ్యేసరికి చీకటి పడింది. ఊళ్లోవాళ్లు రాయి తెచ్చి నిలబెట్టారు. చుట్టూ తుప్పలే. ఎర్ర రంగు రాయి దానికి కొంచెం దూరంలో ఉంది.

సుక్రీ, గ్రామసభలో బాబాయ్ మాట్లాడతానన్నారు. నేను పక్కన కూర్చుంటాను. సాలూరు పిల్లకి ఇక్కడేం పని అని ఎవరైనా అడుగుతారు. అడగాలి కూడా.

వెళ్లిరా. ఇకనైనా నీ మనసు కుదుటపడాలి.