ఆవిరి పట్టని అద్దం

దయ్యాలున్నాయని ఎవరన్నా అంటే నవ్వేవాణ్ణి. రాళ్ళు పరీక్షించే పని నాది. చేతికి దొరకనిదాన్ని నమ్మింది లేదు. ఇప్పుడిది రాస్తున్నది ఖాసిం మీద నేను వేసిన మచ్చ తుడవడానికి.

అవి నిజాం రోజులు. హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ఒక ఉస్తాద్ దగ్గర నేనూ ఖాసిం వజ్రాలు చూసేవాళ్ళం. రాయి మీద నోటితో ఊదాలి. గాజైతే ఆవిరి కాసేపు నిలుస్తుంది, వజ్రమైతే వెంటనే పోతుంది. ఖాసింకు చాలాసార్లు ఊదే పనే ఉండేది కాదు, వేళ్ళతోనే చెప్పేసేవాడు. ఉస్తాద్ తన చాయ్‌లో సగం సాసర్‌లో పోసి అతనికే ఇచ్చేవాడు. పదేళ్ళలో నాకు ఒక్కసారీ ఇవ్వలేదు. ఆ సాసర్ చూస్తే నా కడుపు మండేది.

ఉస్తాద్ కళ్ళకు శుక్లాలొచ్చాయి. దుకాణంలో తను కూర్చునే గద్దె మా ఇద్దరిలో ఒకరికి ఇస్తానన్నాడు. ఒక శుక్రవారం, జుమ్మా సెలవునాడు, పూర్వం వజ్రాలు తవ్విన ఊరు చూపిస్తానని పొద్దున్నే మమ్మల్ని బస్సెక్కించాడు. అక్కడ పాత గుంతలు, మేకలు తప్ప ఏమీ మిగల్లేదు.

మధ్యాహ్నం ఖాసిం ఒక గుంత అంచున చిక్కుడు గింజంత రాయి ఏరాడు. ఊదాడు.

“ఉస్తాద్! ఆవిరి ఆగుతలేదు. అసలుదే!”

“నర్సింగ్, నువ్వు గూడ జూడు,” అన్నాడు ఉస్తాద్.

ఊదాను. ఆవిరి క్షణం నిలవలేదు.

“గాజు పెంకు, ఉస్తాద్. గీ దానికి గింత లొల్లి!” అంటూ గుంతలోకి విసిరేశాను. అడుగున నీళ్ళున్నాయి. చప్పుడు మాత్రం రాలేదు.

ఉస్తాద్ నా మాటే నమ్మాడు. గద్దె నాకొచ్చింది. బజారంతా అతన్ని ‘గాజు ఖాసిం’ అంది. అతను రాళ్ళ పని మానేసి నయాపూల్ దగ్గర అత్తరు అమ్ముకున్నాడు.

ఆ రాయి విసిరేసిన మర్నాడే నేను ఊదిన గాజు మీద ఆవిరి పట్టలేదు. ఇంట్లో అద్దం మీదా పట్టలేదు. నా భార్య ఊదితే అదే అద్దం మసకబారింది. చలికాలంలోనూ చూశాను, అంతే. హకీం నా ఊపిరి వెచ్చగానే ఉందన్నాడు. ఏ రాయి మీద ఊదినా వజ్రమే అనిపించేది. ఏడాది తిరక్కుండా గద్దె వదులుకున్నాను.

ఇరవై ఏళ్ళ తర్వాత, పోయిన నెల, దబీర్‌పురాలో ఖాసిం ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. అతను తన కళ్ళద్దాలు తీసి ఊదాడు. మసకబారాయి. తుడిచి నా చేతికిచ్చాడు. నేను ఊదాను. తేటగానే ఉన్నాయి.

“ఏం భాయ్, గిది గూడ అసలుదేనా?” అని నవ్వాడు. తన చాయ్‌లో సగం సాసర్‌లో పోసి నా వైపు జరిపాడు.

ఎందుకిలా జరిగిందో ఇవాళ్టికీ చెప్పలేను. ఆ రాయి మాత్రం వజ్రమే. ఖాసిం చెప్పిందే నిజం.