లిస్టులోంచి పోకూడని ఇల్లు

సేవాసంస్థలకి ఉచితంగా సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే మా ఆదివారం కార్యక్రమం ఈరోజు గుంటూరులో ఒక కాలేజీ ల్యాబ్‌లో జరిగింది. ప్రత్తిపాడులోని ఒక సేవాసంస్థ నుంచి మరియమ్మగారు వచ్చారు. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకి వెళ్లి కట్లు కట్టే నర్సు ఆవిడ. ఏ రోజు ఎవరింటికి వెళ్లాలో చెప్పే యాప్‌ని మా వాలంటీరు సౌజన్య చేసింది.

"రోగి చనిపోతే ఈ బటన్ నొక్కండి. ఆ ఇల్లు లిస్టులోంచి పోతుంది" అని చూపించింది.

మరియమ్మగారు ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. "మరి ఆ ఇంటికి వెళ్లాలని నాకెవరు గుర్తుచేస్తారమ్మా?"

"చనిపోయాక ఎందుకండీ వెళ్లడం?"

"ఇన్నాళ్లూ మంచం పక్కన కూర్చుని చూసుకున్న మనిషి ఉంటుంది కదమ్మా. చుట్టాలందరూ వెళ్లిపోయాక నేనోసారి వెళ్తాను. అన్నం తింటుందో లేదో చూడాలిగా."

సౌజన్య మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. భోజనాలకి పిలిచినా లేవకుండా యాప్‌ని మార్చేసింది. ఇప్పుడా బటన్ నొక్కితే, రోగి పేరున్నచోట చూసుకున్న మనిషి పేరు వస్తుంది.

ఇన్నేళ్లుగా ఈ కార్యక్రమాలు నడుపుతున్నాను, ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. పెద్ద ఆర్గనైజర్‌ని మరి. నేను వెళ్లాల్సిన ఇల్లొకటి గుర్తొచ్చింది, రేపు వెళ్తున్నాను. మీకూ ఏదైనా గుర్తొచ్చిందా?