హుజూర్‌నగర్‌లో తీగకు గుచ్చిన ముగింపులు

ఇరవై రెండేళ్ళుగా నేను ఒక దయ్యాల నవల చివరి పన్నెండు పేజీల కోసం వెతుకుతున్నాను. నవల పేరు ‘గిలకల బావి’. అట్ట మీద బావిలోంచి పైకొస్తున్న గాజుల చెయ్యి ఉంటుంది. నల్లగొండలో ఇంటర్ చదివేటప్పుడు నా హాస్టల్ స్నేహితురాలు స్వరూప దాన్ని హుజూర్‌నగర్ నుంచి కిరాయి పుస్తకంగా తెచ్చింది. ఇద్దరం ఒకే దుప్పట్లో దూరి చదివాం. గిలక తిరిగిన చప్పుడు విని కథలో పిల్ల తలుపు గడియ తీసింది, అంతే, ఆ తర్వాత పేజీల్లేవు. స్వరూపే చింపి దాచిందని నేను తేల్చేశాను. ఆమెకు ఆ అలవాటుంది మరి. హుజూర్‌నగర్ టాకీసులో చూసిన పాత సినిమాల కథలు మాకు చెప్పి, సరిగ్గా ముగింపు దగ్గర ఆపేది. తన కంచం కడిగితేనే మిగతాది మర్నాడు చెప్పేది. ఆ రోజు అందరి ముందూ ఆమె ట్రంకుపెట్టె తెరిచి బట్టలన్నీ కింద పోశాను. పేజీలు దొరకలేదు. అయినా హాస్టలంతా ఆమెను ‘పేజీల దొంగ’ అని పిలిచింది. ఆ పేరు పెట్టింది నేనే. ఆ ఏడాది అయ్యేదాకా మేం మాట్లాడుకోలేదు, ఆ తర్వాతా మాట్లాడుకోలేదు.

ఇప్పుడు చౌటుప్పల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పని చేస్తున్నాను. ఇంట్లో మూడు వందలకు పైగా పాత దయ్యాల నవలలున్నాయి. దేవుడి అలమరలో కూడా ఒక వరస నింపేసరికి మా అత్త, “దీపం పెట్టే జాగాల దయ్యాలను కూసోవెట్టినవు గదనే” అని రోజూ అంటుంది. ‘గిలకల బావి’ మాత్రం ఎక్కడా దొరకలేదు. పోయిన నెల నాలాగే పుస్తకాల పిచ్చి ఉన్న ఒకాయన ఫోన్ చేసి, హుజూర్‌నగర్‌లో పాత కిరాయి పుస్తకాల దుకాణం ఒకటి ఇంకా ఉందని, ముసలాయన సరుకు వదిలించుకుంటున్నాడని చెప్పాడు. రెండో శనివారం సెలవు. ఇంకేం ఆలోచించలేదు.

ఉదయం ఏడింటికి చౌటుప్పల్ హైవే మీద నల్లగొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్ ఇస్తారు కాబట్టి కార్డు మరిచిపోకండి. పానగల్ దాటి నల్లగొండలోకి వచ్చేసరికి ఎనిమిదిన్నర కావస్తోంది. బస్టాండులోనే మిర్యాలగూడ బస్సు దొరికింది. దారిలో ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, కిటికీ వైపు సీటు కోసం పోటీ పడకపోవడమే మంచిది. పదింటికల్లా మిర్యాలగూడలో దిగి, బస్టాండు ఎదురుగా ఉన్న టిఫిన్ బండి దగ్గర దోశ చెప్పాను. నలభై రూపాయలు, చట్నీ ఎంతడిగితే అంత.

బండి నడిపేది యాభై దాటిన ఒకావిడ. దారిలో చదవడానికి తెచ్చుకున్న దయ్యాల నవల అట్ట చూసి, “బుగులు కాదా బిడ్డ నీకు గవి సదువుతుంటే?” అంది. భయమేం లేదన్నాను. మాటల్లో మాటగా ముచ్చట సినిమాల మీదికి వెళ్ళింది. స్వరూప చెప్పిన ఒక నలుపు తెలుపు సినిమాను నేను ఎన్నో ఏళ్ళుగా ఎవరు కనిపిస్తే వాళ్ళను అడుగుతుంటాను. గోడ మీద చనిపోయిన పిల్ల ఫొటో కళ్ళు ఆర్పుతుంది, పేరు తెలియదు. ఆవిడ దోశ తిప్పుతూనే, “నేను చూసిన గద” అంది.

ఇన్నేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే.

“ఆఖర్ల ఆ పిల్ల ఫొటోలకెళ్ళి దిగొచ్చి పెండ్లికూతురికి జడ అల్లుతది గదా?” అన్నాను ఆత్రంగా.

“జడ ఎక్కడిదమ్మా? అసలు దయ్యమే లేదు దాంట్ల. ఫొటోకు బొక్క చేసి ఎనకాల మేనమామ నిలబడ్తడు, ఆస్తి కోసం. పోలీసోల్లు వచ్చి పట్టుకపోతరు. నీకు జడ ముచ్చట ఎవలు చెప్పిన్రో గని, గదే మంచిగున్నది.”

ఆవిడ వేరే సినిమాతో కలిపేసుకుందనుకున్నాను. అన్నీ తెలిసినట్టు మొహం పెట్టడం నాకు బాగా అలవాటు.

పదకొండు గంటల బస్సు పన్నెండున్నరకు హుజూర్‌నగర్ చేర్చింది. దారి పొడుగునా వరి కోతలు, ట్రాక్టర్ల వెనక నిదానంగా పోతే ఆలస్యం తప్పదు. పాత బస్టాండు వెనక్కి ఆటోకు ఇరవై రూపాయలు తీసుకున్నాడు. దుకాణం ముందు సగంలో ఇప్పుడు జిరాక్స్ మిషన్ ఉంది. వెనక గదిలో, చెక్క బల్ల మీద యాదగిరి కాక కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, తెల్ల బనీను, మెడలో తాడు కట్టిన కళ్ళద్దాలు. ‘గిలకల బావి’ అనగానే లేచి, వెతకకుండా మూడో అర లోంచి తీసి నా చేతిలో పెట్టాడు. నెంబరు రెండు వందల పద్నాలుగు.

గాజుల చెయ్యి అదే, అట్ట మూలన మేం ఒలకబోసిన చాయ మరకా అదే. నేను చదివిన పుస్తకమే. గబగబా చివరికి తిప్పాను. పిల్ల తలుపు గడియ తీసింది. తర్వాత పేజీల్లేవు.

స్వరూప మీద పాత కోపమంతా ఒక్కసారిగా పొంగింది. కసిగా పక్కన ఉన్న ఇంకో నవల తీసి చివర చూశాను. దానికీ ముగింపు లేదు. ఇంకోటి, ఇంకోటి, ఆ అరలో ఉన్న ఏడింటికీ లేదు. చింపినట్టు కూడా లేవు, బ్లేడుతో తిన్నగా కోసినట్టున్నాయి.

“కాకా, వీటన్నిటి పేజీలు ఎవలు కోసిన్రు?”

“నేనే” అన్నాడు, చాయ తాగావా అని అడిగినంత మామూలుగా. “దయ్యాల పుస్తకం పట్టుకపోయినోల్లు మల్ల తెస్తలేకుండిరి బిడ్డ. ఒగల చేతికెళ్ళి ఒగల చేతికి పోయేది. గందుకే ఆఖరి పేజీలు కోసి ఈడ పెట్టుకున్న. పుస్తకం వాపస్ ఇచ్చినోల్లు గీ బల్ల మీద కూసోని ముగింపు సదువుకొని పోతరు. ఒక్క పుస్తకం పోలే తర్వాత.”

“అన్ని పుస్తకాలకా?”

“ప్రేమ కథలకు కొయ్యలే. గవి ఎట్ల అయిపోతయో అందరికి ఎర్కే.”

గోడ వైపు చూపించాడు. మేకులకు వేలాడదీసిన ఇనుప తీగలు, వాటికి గుచ్చిన కాగితాల దొంతరలు, ప్రతి దొంతరకూ ఒక నెంబరు. నాకు తెలిసిన భయాలన్నీ అక్కడ వరసగా వేలాడుతున్నాయి. నేను మాత్రం ఒక పిల్ల ట్రంకుపెట్టె తలుచుకుని నిలబడ్డాను. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఈయన చేసిన పనికి నేను ఎవరి మీద పడ్డాను?

రెండు వందల పద్నాలుగు దొంతర తీసి ఇచ్చాడు. అందులో అచ్చు పేజీలు లేవు. గీతల నోటుబుక్కు కాగితాల మీద నీలం సిరాతో రాసిన అక్షరాలున్నాయి. ఆ గుండ్రటి రాత నాకు తెలుసు. దాదాపు రెండేళ్ళు నా పక్క మంచం మీద కూర్చుని నోట్స్ రాసిన రాత అది.

“గది ఓ పిల్ల రాసింది” అన్నాడు కాక. “నల్లగొండల సదువుతుండె. పుస్తకం వాపస్ ఇయ్యనీకె వచ్చినప్పుడు, పేజీలు నేను కోస్తనని తెలిసి ఏడ్సింది. వాళ్ళ చిన్నాయిన కిరాయికి తీసుకొని ఆమెకు గీ సంగతి చెప్పలేదంట. అసలు పేజీలు ఇయ్యి కాకా, నా దోస్తుకు చూపియ్యాలె అన్నది. ఇయ్య అన్న. పొద్దుమీకె దాంక కూసోని మొత్తం రాసి, రాసింది నాకిచ్చి అచ్చుది పట్టుకపోయింది.”

ఆ కవరు అప్పుడు గుర్తొచ్చింది. పరీక్షల ముందు, స్వరూప హాస్టల్ ఖాళీ చేసి ఇంటి దగ్గరే చదువుకుంటున్నప్పుడు, ఒక ఆదివారం హాస్టల్ ఆయా వచ్చి, స్వరూప నీకేదో కవరు తెచ్చిందట, గేటు దగ్గర నిలబడింది అని చెప్పింది. నేను మంచం మీదనుంచి లేవకుండానే లేనని చెప్పమన్నాను. కవరైనా తీసుకొమ్మంటావా అంది. వద్దన్నాను.

సిగ్గుతో ఏదో ఒకటి అనాలని, “ఆమె సినిమాలకు గూడ గట్లనే చేసేది కాకా, ముగింపు చెప్పకుండ సతాయించేది” అన్నాను.

కాక నవ్వాడు. “చెప్పనీకె చూస్తె గద? వాళ్ళ ఊరి ఆఖరి బస్సు ఎనిమిదిన్నరకు. ఫస్టు షో ఇడిసేది తొమ్మిదింటికి. ఆ దిక్కు ఊర్లోల్లు ఎవలు సినిమా ఆఖరు చూసినోల్లు గాదు.”

ఆ బల్ల మీద కూర్చున్నాను. ఫొటోలోంచి దిగొచ్చి జడ అల్లిన పిల్ల ఏ సినిమాలోనూ లేదు. మేం కంచం కడుగుతుంటే, మర్నాటికి ఆ ముగింపు తయారు చేసుకోవడానికి స్వరూప ఒక రాత్రి గడువు అడిగింది, అంతే.

ఆమె ఇప్పుడు కోదాడలో కుట్టు సెంటర్ నడుపుతోందట. కాక ఇంట్లో జాకెట్లు ఆమే కుడుతుంది కాబట్టి నెంబరుంది. అక్కడి నుంచే చేశాను. మొదట కుట్టు మిషన్ చప్పుడు వినిపించింది.

“స్వరూపా, నేను అరుణను. నల్లగొండ హాస్టల్.”

మిషన్ ఆగింది. “చెప్పు” అంది.

“యాదగిరి కాక దుకాణంల ఉన్న. పేజీలు నువ్వు చింపలే.”

“నాకు ఎర్కే గద.”

“తప్పు నాదే. నువ్వు గేటు కాడికి వచ్చిన్నాడు గూడ నేను లోపలనే ఉన్న. మాఫ్ చెయ్యి” అన్నాను.

“గా దినం సంది ఇంకో పుస్తకం ముట్టలే అరుణా. ఎవలిది పట్టుకున్నా పేజీలు లెక్కవెట్టి తీసుకోవాలె, మల్ల లెక్కవెట్టి ఇయ్యాలె అనిపిచ్చేది. గందుకే ఇడిసిపెట్టిన.”

“ఇప్పుడే కోదాడకు వస్త.”

“ఇయ్యాల, రేపు వద్దు, పెండ్లి జాకెట్లున్నయి. వచ్చే ఆదివారం రా.” మిషన్ మళ్ళీ మొదలైంది. “గని గా పుస్తకం తేకు.”

తీసుకోలేదు. ‘గిలకల బావి’ని దాని అరలోనే పెట్టేశాను, నీలం సిరా పేజీలు చదవకుండానే తీగకు గుచ్చాను. వందల దయ్యాల కథలు చదివి కూడా జడవని మనిషినని గొప్పలు చెప్పుకునేదాన్ని. పదిహేడేళ్ళప్పుడు నేను ఎంత నమ్మకంగా, ఎంత తీరిగ్గా ఒక మనిషి చేత చదవడం మాన్పించానో తెలిశాక మాత్రం తిరుగు బస్సులో నల్లగొండ దాకా చేతులు చల్లగానే ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని నాకూ తెలుసు. అయినా ఆదివారం కోదాడ వెళ్తున్నాను.

మీరు వెళ్ళేట్టయితే ఒక్క సూచన. కాక మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటాడు, ఆలోపే వెళ్ళండి. ఏ దయ్యాల నవల కొన్నా అట్ట మీది నెంబరు చెప్పి దాని ముగింపు అడగండి, ఇప్పుడు పుస్తకంతో పాటే ఇచ్చేస్తున్నాడు. అడగడం మరిచిపోయి ఇంటికొచ్చాక పేజీలు కనిపించకపోతే, ఇంట్లో ఎవరినీ ఏమీ అనకండి.