ఎర్ర గడి రోజున భయపడమన్న సారు

మా ఎదురింటి సారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే సారు భార్య, మా మేడం, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా గేటు దాకా వచ్చి, "వదినగారూ, ఒకసారి రండి. ఆయన లేవడం లేదు" అన్నారు. చీపురు చేతిలో పట్టుకునే పోయాను. సారు మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నారు. పాదం ముట్టుకుని చూశాను. ఆ తర్వాత మేడం మొహం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

నేను చదివింది నాలుగో తరగతి. యూనివర్సిటీలో హాస్టల్ మెస్సులో వంట చేసి రిటైరయ్యాను. తార్నాకలో ఈ సందులోనే రెండు గదుల వాటాలో ఉంటాను. సారు గురించి రాయాలని కూర్చున్నాను గానీ, ఏదైనా తప్పు రాస్తానేమో, చదివినవాళ్లు ఏమనుకుంటారో అని అదొక భయం. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

భయం నాకు పుట్టుకతో వచ్చింది. గ్యాస్ కట్టేశానా లేదా అని సగం బజారు దాకా పోయి వెనక్కి వస్తాను. ఫోన్ మోగితే ముందు గుండె పట్టుకుంటాను, తర్వాత ఫోన్ పట్టుకుంటాను. ఇక ఈ ప్రత్యేక రాష్ట్రం ఉద్యమం మొదలైనప్పటి నుంచి చెప్పనే అక్కర్లేదు. ఈ రోజు బంద్, రేపు రైళ్లు ఆపుతారు, ఎల్లుండి ఊరేగింపు. క్యాంపస్ వైపు నుంచి ఢాం ఢాం అని చప్పుడు వస్తే అది టియర్ గ్యాసో, ఇంకేదో తెలియదు. నా చేతి అన్నం తిన్న పిల్లలు ఎంతమంది ఆ గుంపులో ఉన్నారో అని పీట మీద కూర్చున్నదాన్ని లేవలేకపోయేదాన్ని.

అట్లాంటి నాకు దేవుడు విమానం నడిపే మనుమరాలిని ఇచ్చాడు. మా బిడ్డా అల్లుడూ ముషీరాబాద్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం నడుపుతారు. దుకాణం వెనకాల ఒక్కటే గది, అందుకని పిల్ల లావణ్య చిన్నప్పటి నుంచీ నా దగ్గరే పెరిగింది. లాలాపేట్‌లో మా అల్లుడికున్న ఒక్క ప్లాటూ అమ్మి దానికి పైలట్ చదువు చెప్పించారు. లైసెన్సు చేతికొచ్చాక ఏడాది పైన ఖాళీగా కూర్చుంది. కూర్చున్నన్నాళ్లూ ఉద్యోగం రాదేమోనని భయపడ్డాను. తర్వాత ఒకే వారంలో రెండు వచ్చాయి, అప్పుడు ఇంకా ఎక్కువ భయపడ్డాను.

ఒకటి ఇక్కడే, ఊరి బయట విమానం నేర్పే బడిలో కొత్తపిల్లలకు నేర్పే పని. పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రావచ్చు. జీతం తక్కువ, అదీ గాల్లో ఎన్ని గంటలుంటే అన్ని గంటలకే. వానాకాలం విమానం ఎగరకపోతే చేతికేమీ రాదు. రెండోది ఎక్కడో ఈశాన్యంలో కొండల మధ్య తిరిగే చిన్న విమానాల కంపెనీ. జీతం మూడింతలు. ఇరవై రోజులు అక్కడ, పది రోజులు ఇక్కడ. మూడేళ్లు వదిలి పోనని కాగితం రాసివ్వాలి. పది రోజుల్లో జవాబు చెప్పమన్నారు.

కొండలు అన్న మాట దగ్గరే నా ప్రాణం ఆగిపోయింది. నేరుగా సారు దగ్గరికి పోయాను. సారుది తెనాలి దగ్గర పల్లె. చిన్న వయసులో ఇక్కడికొచ్చి, పాత ఎయిర్‌పోర్టులో ఒక కంపెనీలో పైలట్లకు ఎవరికి ఏ రోజు డ్యూటీయో రాసే పని చేశారు. దాన్ని రోస్టర్ అంటారు. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో పాలవాడి లెక్కకూ గ్యాస్ బండకూ గళ్లు గీసి, ఎర్ర పెన్సిలూ పచ్చ పెన్సిలూ నింపేవారు. సాయంత్రం మూడున్నరకు రమ్మనాలంటే "పదిహేను ముప్పైకి రండి అక్కగారూ" అనేవారు. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుని పోయేదాన్ని.

"సారూ, మీ మాటంటే దానికి గురి. ఈడనే ఉండుమని జర చెప్పుండ్రి. నాకు మస్తు బుగులైతుంది" అని చేతులు పట్టుకున్నంత పని చేశాను.

సారు నవ్వలేదు. "చెప్పను అక్కగారూ. జీతం ఎంతో కాగితం మీద ఉంది. ఆ జీతానికి బతుకెలా ఉంటుందో ఆ కాగితం మీద లేదు. అది బతికి చూడాల్సిందే" అన్నారు. పాత క్యాలెండర్ వెనక్కి తిప్పి గళ్లు గీయడం మొదలుపెట్టారు.

అట్లా మొదలైంది ఆ వారం. మొదటి మూడు రోజులు దగ్గరి ఉద్యోగం. పొద్దున ఆరింటికి లావణ్య తెల్ల చొక్కా వేసుకుని సారు ఇంటికి పోయి పుస్తకంలో సంతకం పెట్టాలి. సాయంత్రం దాకా డాబా మీద రేకుల కింద మేడంకి విమానం నేర్పాలి. కుర్చీయే విమానం, అప్పడాల కర్రే దాన్ని తిప్పే కర్ర. అదే పాఠం రోజుకు ఆరుసార్లు. మేడం ప్రతిసారీ కొత్తపిల్లలాగే వినాలని సారు ఆజ్ఞ.

"నాకు పెళ్లైనప్పట్నుంచీ కుడి ఏదో ఎడమ ఏదో తెలియదే తల్లీ. నన్నెందుకు ఎక్కించారే ఇందులో!" అని మేడం మొత్తుకునేవారు.

"మేడం, మీరు మల్లా నేలకు గుద్దిండ్రు" అనేది లావణ్య. ఎదురుగా మా వంటింట్లో ఉన్న నాకు ఆ మాటకే చెమటలు పట్టేవి. మూడో రోజు సాయంత్రం పిల్ల వచ్చి, గొంతు పోయి, అన్నం ముందు చేత్తో సైగలు చేస్తూ కూర్చుంది. అయినా నా కళ్ల ముందు కూర్చుంది కదా అనుకున్నాను.

తర్వాత నాలుగు రోజులు దూరపు ఉద్యోగం. లావణ్య పెట్టె సర్దుకుని సందు దాటి సారు ముందు గదికి పోయింది. పదిహేను అడుగులు. నేను చూడకూడదు, పలకరించకూడదు. రోజుకొక్క ఫోన్, అదీ డ్యూటీ దిగాక తనే చేస్తుంది. తెల్లారకముందే లేచి డ్యూటీ, తర్వాత నిద్ర. నిద్రపోతున్నప్పుడు ఎవరూ లేపకూడదని తలుపు మీద కాగితం. ఆ కాగితం చదవడం వచ్చి కూడా నేను రెండుసార్లు తలుపు తట్టాను. ఒకసారి పెరుగన్నం పట్టుకుపోయాను.

"అక్కగారూ, మీరు ఈశాన్యంలో ఉన్నారా? లేరు కదా. ఆ గిన్నె ఇంత దూరం ఎలా వచ్చింది?" అని సారు గేటు దగ్గరే ఆపేశారు. ఆ పెరుగన్నం ఆయనే తిన్నారు.

ఆ నాలుగు రోజుల్లో మూడో రోజు స్టాండ్‌బై. అంటే డ్యూటీ ఉండదు గానీ, ఎప్పుడు పిలిచినా గంటలో హాజరు కావాలి. ఆ రోజు బంద్. లావణ్య పొద్దున్నే హాస్టల్‌లో ఉన్న స్నేహితురాలిని చూసొస్తానని క్యాంపస్‌కు పోయింది. పన్నెండు దాటాక మొదలైంది చప్పుడు. ఒకటి, రెండు, మూడు, ఇక లెక్క లేదు. మా సందులోకి కూడా ఘాటు వచ్చి కళ్లు మండాయి. పోలీసు బండ్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. పిల్ల ఫోన్ కలవడం లేదు.

సారు దగ్గరికి పరిగెత్తాను. "సారూ, మీ ఫోన్‌తోని కొట్టుండ్రి. స్టాండ్‌బై అని పిలువుండ్రి. నేను పిలిస్తే రాదు, మీరు డ్యూటీ అంటే ఉరికొస్తది."

సారు ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశారు. "పెళ్లి పీటల దగ్గర్నుంచి కూడా పిలిపించాను మనుషుల్ని. కానీ విమానం లేకుండా ఎవర్నీ పిలవలేదు. ఒకసారి ఉత్తుత్తిగా పిలిస్తే, రేపు నిజంగా పిలిచినప్పుడు నమ్మదు" అన్నారు.

నాకు ఒళ్లు తెలియలేదు. "మీరు ఆంధ్రోళ్లు, మీకేం తెలుస్తది సారూ మా పిల్లల గోస!" అనేశాను. ఆయన పెట్టిన కాఫీ తాగుతూ ఎన్నేళ్లు కూర్చున్న అరుగు మీదే నిలబడి అన్నాను ఆ మాట. మేడం తల దించుకున్నారు. సారు చొక్కా వేసుకుని, "పదండి, మనమే వెళ్లి తీసుకొద్దాం" అన్నారు.

ఇద్దరం గోడల వెంట నడుచుకుంటూ పోయాం. క్యాంపస్ గేటు దగ్గర ముళ్లకంచెలు, దారి నిండా రాళ్లు. మొహాలకు తడి గుడ్డలు కట్టుకున్న పిల్లలు మమ్మల్ని ఆపారు.

"ఓ తాతా, యాడికి? లోపట గ్యాస్ కొడ్తున్నరు."

"మా మనవరాలు లేడీస్ హాస్టల్లో ఉంది బాబూ. తీసుకొచ్చుకుంటాం" అన్నారు సారు.

ఆ మాట తీరుకే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను ఇందాక అన్న మాట ఇప్పుడు వీళ్లు అంటే, ఆ వెంటనే సారు మీద రాయి పడితే, దానికి నేనే కదా కారణం అనుకున్నాను.

"ఏ ఊరు తాతా నీది? గుంటూరా?" అన్నాడొకడు.

"తెనాలి పక్కన. దాచడం దేనికి? నలభై ఏళ్లుగా తార్నాక నీళ్లు తాగుతున్నాను."

"మా తార్నాకల నీళ్లు యాడొస్తున్నయి తాతా!" అని ఇంకొకడు నవ్వాడు. అందరూ నవ్వారు. నన్ను చూసి ఒకడు, "అరే, మెస్సు అమ్మ! గీ పొగల నీకేం పని?" అని తడి రుమాలు నా చేతిలో, కళ్ల మంటకని సగం కోసిన ఉల్లిగడ్డ సారు చేతిలో పెట్టాడు. లోపలికి మాత్రం పోనివ్వలేదు. హాస్టల్ ఆడపిల్లలను ముందే బయటికి పంపించేశారని చెప్పారు. ఎటు పంపారో తెలియదు.

అక్కడి నుంచి ఇంటికి ఎట్లా వచ్చానో నాకే తెలియదు. సారు దగ్గుతూ నా మోచెయ్యి పట్టుకుని నడిపించారు. వచ్చేసరికి లావణ్య సారు గేటు ముందు నడుముకు చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"యాడికి పోయిండ్రు మీరిద్దరు? అమ్మమ్మా, నీ ఫోన్ ఫ్రిజ్ మీదనే పెట్టి పోయినవ్. నేనొచ్చి గంటైతుంది. నా ఫోన్ల ఛార్జింగ్ అయిపోయింది, మేడం ఫోన్‌తోని నీకు ఎన్నిసార్లు కొట్టిన్నో!"

స్టాండ్‌బైలో ఉంది కదా, గేట్లు మూస్తే గంటలో చేరలేనని లెక్కేసుకుని, చప్పుడు మొదలు కాకముందే సీతాఫల్‌మండి వైపు నుంచి బయటపడి నడిచొచ్చింది. మేము పెద్దవాళ్లం పొగలోకి పోయాం, పిల్ల దారి చూసుకుని ఇంటికొచ్చింది. సారు కళ్లు తుడుచుకుంటూ అరుగు మీద కూర్చుని, "చూశారా అక్కగారూ, ఎవరూ పిలవకుండానే టైముకొచ్చింది" అన్నారు. ఉల్లిగడ్డ ఇంకా చేతిలోనే ఉంది.

మరునాడు సర్వపిండి చేసుకుపోయి, నోరు జారానని చెప్పాను. ఆయన మధ్యలోనే ఆపి, "చల్లారకముందే ఇవ్వండి. మీ చిల్లుల రొట్టె చల్లారితే బాగుండదు" అన్నారు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట మా మధ్యకు రానివ్వలేదు.

వారం చివర సారు నన్నూ లావణ్యనూ కూర్చోబెట్టారు. దూరపు జీతం మూడింతలైనా గదికీ తిండికీ టిక్కెట్లకూ పోగా సగమే మిగులుతుందని చెప్పారు. దగ్గరి ఉద్యోగంలో ఇల్లు మిగులుతుంది గానీ ఎగిరిన గంటలు వాన ఒప్పుకుంటేనే పెరుగుతాయని చెప్పారు. అక్కడ పక్కన పెద్ద పైలట్ ఉంటాడు, ఇక్కడ పక్కన రోజూ కొత్తపిల్లే ఉంటుంది అని కూడా చెప్పారు. అది నేను ఎన్నడూ ఆలోచించలేదు. దగ్గర అంటే భద్రం అనుకున్నాను.

"నేను పోతా అమ్మమ్మా" అంది లావణ్య, నా వైపు చూడకుండా.

నేను ఏడ్చాను. సారు నన్ను ఏడవనిచ్చి, తర్వాత అన్నారు: "ఇక్కడున్నా మీరు భయపడతారు, అక్కడున్నా భయపడతారు. ఆ భయాన్ని పిల్ల జీతంలోంచి కోయకండి."

లావణ్య వెళ్లిన నెల నుంచి ప్రతి నెలా ఒక కాగితం నా గోడకు అతికించేవారు. పిల్ల ఫోన్‌లో చెప్పిన డ్యూటీలన్నీ రాసుకుని, ఎగిరే రోజుకు ఎర్ర గడి, సెలవు రోజుకు పచ్చ గడి. "ఎర్ర గడి రోజున ఎంతైనా భయపడండి. పచ్చ గడి రోజున భయపడితే మాత్రం నేను ఊరుకోను" అనేవారు. నవ్వులాటకే అన్నారేమో గానీ, నా అరవై రెండేళ్ల బతుకులో భయానికి సెలవు ఇచ్చింది ఆయనొక్కరే. పచ్చ గడి రోజున నాకు మధ్యాహ్నం నిద్ర పట్టేది.

మొన్న మంగళవారం ఎర్ర గడి. సారు పాదం ముట్టుకుని బయటికొచ్చి, అలవాటు కొద్దీ మొదట ఫోన్ తీశాను, లావణ్యకు చెబుదామని. వేలు నంబర్ మీద ఉంది. మేడం కుర్చీలోంచే, "వదినగారూ, పిల్ల ఇప్పుడు విమానం ఎక్కే వేళ. ఆయనైతే దిగేదాకా చెప్పనిచ్చేవారు కాదు" అన్నారు. భర్త పోయారని తెలిసి గంట కూడా కాని మనిషి ఆ మాట అన్నారు.

ఫోన్ కొంగులో ముడేసుకున్నాను. వాళ్ల బంధువులు వచ్చారు. నీళ్లు పోశారు, పూలు తెచ్చారు, తీసుకుపోయారు. రోజంతా ఆ ముడి నా నడుముకు తగులుతూనే ఉంది. పిల్ల కొండల మీద ఉంది, సారు లేరు, భయపడుతున్నానని చెప్పుకోవడానికి కూడా మనిషి లేడు.

సాయంత్రం లావణ్యే ఫోన్ చేసింది. "అమ్మమ్మా, దిగిన. మస్తు మబ్బుండె ఇయ్యాల. మా కెప్టెన్ విమానం నాతోనే దింపిచ్చిండు, సారు తాతకు చెప్పు!"

"తిన్నవా బిడ్డా?"

"ఇప్పుడే కూసున్న. అన్నం, ఆలుగడ్డ కూర."

"తిను. ఫోన్ పెట్టకు, నేను ఈడనే ఉంట."

"ఏందమ్మమ్మా, గొంతు గట్లున్నది?"

"పొద్దుగాల్నుంచి పనిల ఉన్న. నువ్వు తిను ముందు."

ఎదురింటి ముందు వాకిలి కడిగిన నీళ్లు ఇంకా ఆరలేదు. తినడం అయ్యాక చెబుదామని నేను మెట్టు మీద కూర్చుని, ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, అంత దూరంలో నా మనుమరాలు ఒక్కో ముద్ద నమిలి మింగే చప్పుడు వింటూ ఉన్నాను. స్టీలు గ్లాసు కింద పెట్టిన చప్పుడు వచ్చింది. ఇంకా రెండు ముద్దలు ఉన్నాయంది.