ఏం లేదక్కా అన్నాను

మొన్న మా కోడలు ఒలవడానికి పోసుకున్న వేరుశనగ కాయల మీద నీళ్లు చల్లింది. తడిసిన పొట్టు వాసన వంటింటి దాకా వచ్చేసరికి గరిటె పక్కన పెట్టి అట్లాగే నిలబడిపోయాను. ఆ వాసన వస్తే నాకు ఓబులక్క గుర్తుకొస్తుంది. ఆమె గుర్తుకొస్తే, ఇన్నేళ్ల తర్వాత కూడా, నేను చేసింది తప్పో ఏమో అర్థం కాక మనసు గజిబిజి అవుతుంది.

నేను అరసికెరెకు కోడలిగా వచ్చినప్పుడు ఓబులక్క మా పక్కింటి ఆవిడ. కరువు రోజులు. ఒక్క వాన పడితే ఆ పదునులోనే విత్తనం పడిపోవాలి. మిషన్‌లో వేస్తే గింజ దెబ్బ తిని మొలవదని విత్తనానికి మాత్రం చేత్తోనే ఒలిచేవాళ్లం. ఆ ఒలిచే ఆడవాళ్లందరికీ ఆమే పెద్ద. ముఖం అటు తిప్పి కబుర్లు చెబుతూనే, వేళ్లతో నొక్కి గింజ లేని లొట్ట కాయను పక్కకు విసిరేది. "కండ్లు మోసపోతాయి పార్వతీ, ఏళ్లను నమ్ముకో" అనేది. అత్తగారింట్లో నోరు విప్పని నన్ను "నవ్వు మే, మీ అత్త ఈడ లేదులే" అని నవ్వించేది. పదిమందిలో కూర్చుని మాట్లాడటం నాకు ఆమె దగ్గరే వచ్చింది.

ఒక వేసవిలో, అందరూ అన్నాలకు వెళ్లాక, నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. నా చెయ్యి పట్టుకుని తన ఎడమ రొమ్ము మీద పెట్టుకుంది.

"ఈడ చూడు. ఏమన్నా తగులుతాండాదా?"

తగిలింది. ఒలిచిన గింజంత, గట్టిగా, కదలకుండా. సిగ్గు ఒకవైపు, భయం ఒకవైపు.

"ఏం లేదక్కా" అన్నాను. "నొప్పి ఉండాదా?"

"లేదు."

"నొప్పే లేకుంటే ఇంకేంది?"

ఆమె నన్నొకసారి చూసి రవిక సర్దుకుంది. "అంతేలేప్పా. విత్తనం పడినాక చూద్దాం" అంది. విత్తనం తర్వాత కలుపు, కలుపు తర్వాత కాయ పెరకడం. మరుసటి వేసవికి అక్కడ చర్మం లోపలికి గుంట పడింది. బెంగళూరు ఆస్పత్రిలో, మొదట్లోనే వచ్చి ఉంటే వేరుగా ఉండేదన్నారట.

తిరిగి వచ్చాక ఒకరోజు, మేమంతా ఒలుస్తుండగా వచ్చి తలుపు వేసి మధ్యలో కూర్చుంది.

"రండి. తలా ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. ఇట్లుంటాది. నొప్పి లేదని ఊరకుండినా నేను. మీరట్ల చేయొద్దండి. నీళ్లు పోసుకునేటప్పుడు మీవి మీరే చూసుకోండి. ఏమన్నా తగిలితే విత్తనం, కలుపు అని నిలబడొద్దండి, ఆస్పత్రికి పోండి."

"సిగ్గు లేదా ఓబులీ?" అంది ఒక ముసలామె.

"బెంగుళూర్లో అంతమంది చూసినాక ఇంక సిగ్గు యాడుండాది అత్తా?"

అందరికంటే చివర నేను వెళ్లాను. ఆమే నా చెయ్యి పట్టుకుని పెట్టుకుంది.

"తగిలిందా?"

"తగిలిందక్కా. అప్పుడు కూడా తగిలింది."

ఆమె నా చెయ్యి వదల్లేదు. "నాకు తెలుసు. లేదంటావనే నిన్ను అడిగినా" అంది.

అది నిజమో, నన్ను ఓదార్చడానికి అన్న మాటో నాకు తెలియదు. కాయ ముట్టుకుంటే చాలు లోపలి సంగతి చెప్పే మనిషికి నా వేళ్లతో పనేమిటి? తగిలిందని నేను చెప్పి ఉంటే ఆస్పత్రికి వెళ్లేదా? కోపంగా కూడా ఉంటుంది, ఆమె మీదా, నా మీదా. ఆ ఏడు కాయ పెరికే నాటికి ఆమె లేదు. ఆ రోజు చెయ్యి పెట్టి చూసిన మా తోడికోడలు నాగమ్మ మాత్రం, తర్వాతెప్పుడో తనకు తగిలితే వారం తిరక్కుండా ఆస్పత్రికి వెళ్లింది. ఇప్పటికీ నాతో పోట్లాడుతూనే ఉంది.

ఊళ్లో ఆడపిల్లలు ఇప్పుడు నా దగ్గరికి వస్తారు. చాటుగా పిలిచి, "ఈడ చూడత్తా" అంటారు. నాలుక మీదికి ముందుగా వచ్చేది ఈనాటికీ "ఏం లేదులే" అన్న మాటే. దాన్ని మింగి, "రేపు మొదటి బస్సుకు పోదాం, నేనూ వస్తా" అంటాను.