ఎనిమిదిలో నాలుగు

మా ఇంట్లో కంప్యూటర్‌కి ఎనిమిది జీబీ మెమరీ ఉంది. నాలుగేసి జీబీల పట్టీలు రెండు, నా చేతులతో నేనే బిగించాను. అది మాత్రం నాలుగే ఉందంటుంది. మూడుసార్లు ఆపి మళ్ళీ వేశాను. నాలుగే. భిలాయి స్టీల్ ప్లాంటులో ముప్పై నాలుగేళ్ళు ఎలక్ట్రికల్ పని చేసి రిటైరైనవాణ్ణి. ఒక రేకు డబ్బా నా మొహం మీదే అబద్ధమాడుతుంటే ఒళ్ళు మండింది.

సగం మెమరీ పోతే ఏం కొంప మునిగిందని అడగొచ్చు. నాకు ఆదివారం మునిగింది. మా షిఫ్టులో నాతో పనిచేసిన నలుగురు రిటైరయ్యాక శ్రీకాకుళం, విజయనగరం వైపు సొంతూళ్ళకి వెళ్ళిపోయారు. నేనూ మా ఆవిడా ఇక్కడే భిలాయిలో, మరోదా కాలనీలో ఉండిపోయాం. ఆవిడ పోయి రెండేళ్ళు. పిల్లలు లేరు. ప్రతి ఆదివారం పొద్దున్న పదింటికి మేం ఐదుగురం వీడియోలో కలుస్తాం. వారం మొత్తంలో నన్ను ‘ఒరే’ అనేవాళ్ళు వాళ్ళే.

అలాంటిది మూడు ఆదివారాలుగా, కబుర్లు మొదలైన ఐదు నిమిషాలకే కంప్యూటర్ బిగుసుకుపోయి నన్ను బయటికి నెట్టేస్తోంది. నాది బటన్ల ఫోను, అందులో వీడియో రాదు. ఏమయ్యావని ఎవడో ఒకడు అడక్కపోతాడా అని ఆ ఫోన్ని జేబులోనే పెట్టుకుని తిరిగాను. ఎవడూ చెయ్యలేదు. నేనే చెయ్యొచ్చు. చెయ్యలేదు. వాళ్ళే అడగాలని పంతం.

ఇక లాభం లేదని డబ్బా విప్పాను. పట్టీలు తీసి ఒక్కొక్కటే పెట్టి చూశాను. పట్టీలు బిగించే గాడులు రెండుంటే, మొదటి గాడిలో ఏది పెట్టినా పనిచేస్తోంది. రెండో గాడిలో ఏది పెట్టినా కనబడటం లేదు. అంటే పట్టీలు బంగారంలా ఉన్నాయి, రోగం గాడిలో ఉంది. ఆ మాత్రం తేల్చినందుకు నాకు గర్వమేసి, చెప్పుకుందామని వంటింటి వైపు తిరిగాను. తిరిగాక గుర్తొచ్చింది. డబ్బాని దుప్పట్లో చుట్టి ఆటోలో పవర్ హౌస్ మార్కెట్‌కి తీసుకెళ్ళాను.

అక్కడ రిపేరు షాపు నడిపేది మన తెలుగువాళ్ళమ్మాయే, ఇక్కడే పుట్టి పెరిగింది. టార్చి వేసి చూసి, పుల్లకి దూది చుట్టి గాడిలో రుద్ది, ఆ దూదిని వాసన చూసింది.

“అంకుల్, ఇదేటి? చిప్‌చిపా ఉంది. క్రీమ్ రాసేరా ఏటి?”

“క్రీమ్ కాదమ్మా. పెట్రోలియం జెల్లీ. నెల కిందట అంతా విప్పి ఓవర్‌హాలింగ్ చేశాను.”

ప్లాంటులో మాకది శాస్త్రం. బ్యాటరీల టెర్మినళ్ళు తుడవడం, తుప్పు పట్టకుండా జెల్లీ పూయడం. చెయ్యి ఊరుకోక ఇక్కడా పూశాను, రెండో గాడికి కాస్త ఉదారంగా.

“హే భగవాన్! ఇది బ్యాటరీ కాదు కదా అంకుల్. ధూళ్ అంతా దీనికే అంటుకుపోయింది.”

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఆ అమ్మాయి మెత్తటి బ్రష్షుతో, స్పిరిట్‌తో గాడి కడిగింది. పట్టీల అంచుల్ని రబ్బరుతో రుద్ది రెండూ పెట్టింది. ఎనిమిది అని వచ్చింది. ఇంక దేనికీ ఏమీ రాయొద్దని రెండుసార్లు చెప్పి పంపింది.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని పావుగంట ముందే కూర్చున్నాను. నలుగురూ ఒక్కొక్కరే వచ్చారు. ఒకడికి మోకాళ్ళ నొప్పి, ఇంకొకడికి జీడితోటలో పురుగు. నా ఊసు ఎవడూ ఎత్తలేదు. ఉండబట్టలేక నేనే అడిగాను.

“ఒరే, మూడు వారాల్నించి నేను మధ్యలోనే పోతున్నాను. ఎవడైనా చూశార్రా?”

“పోయేవేటి? ఉన్నావనే అనుకున్నాం. నువ్వెప్పుడు మాటాడేవు గనక!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మాట మాత్రం తగిలింది. అది కప్పిపుచ్చుకోడానికి జెల్లీ కథ చెప్పాను. పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒక్క మా చార్జిమన్ నవ్వలేదు. మాలో పెద్దవాడు, మా చేత పని చేయించినవాడు. కరెంటు పని ఒంటరిగా చెయ్యకూడదని మా ప్లాంటులో నియమం. ఒకడు చెయ్యి పెడితే ఇంకొకడు పక్కన నిలబడి చూస్తూ ఉండాలి. ఎక్కడ ఏ పొరపాటు జరిగినా ఆయన మొదట అడిగే ప్రశ్న ఒకటే. ఇప్పుడూ అలవాటుగా అదే అడిగాడు.

“డబ్బా ఇప్పినప్పుడు నీ పక్కన ఎవలున్నార్రా?”

“ఎవలూ లేరు గురూ,” అన్నాను.

ఆ మాట పైకి అనడం ఈ రెండేళ్ళలో అదే మొదటిసారి. అప్పుడైనా కంప్యూటర్ బిగుసుకుపోతే బాగుండుననుకున్నాను. పోలేదు. నేను ఏడవడం నలుగురూ చూశారు.